ఇంటి కరెంటు మీటరు తేడా కొడుతోందా? ముందు బిగించిన చోటు చూడండి

బిల్లు ఎక్కువొస్తే మీటరు పరిగెడుతోందంటాం, లైట్లు మిణుకుమంటే కరెంటోళ్ళని తిడతాం. రెండూ ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ మన తిరుపతి, చిత్తూరు పక్క ఇళ్ళల్లో చాలా గొడవలకి మూలం మీటరు లోపల ఉండదు. దాన్ని ఏ గోడకి, ఏ ఎత్తులో, ఏ వైరుతో బిగించారన్న దగ్గర ఉంటుంది. టైల్స్ రంగు కోసం ఊరంతా తిరిగేవాళ్ళం, మీటరు చోటు దగ్గరికొచ్చేసరికి "ఎక్కడో ఒకచోట కొట్టేయ్ అన్నా" అని ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తాం. ఆ మాటకి తర్వాత ఏళ్ళ తరబడి డబ్బు కడతాం.

ముందు ఎవరిది ఏదో తేల్చుకోండి. పోల్ నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరు, దాని సీళ్ళు డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ చేతిలోవి. మన దగ్గర అంటే ఏపీఎస్‌పీడీసీఎల్, హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది. మీటరు నుంచి బయటికొచ్చే వైరు దగ్గర్నుంచి మెయిన్ స్విచ్, లోడు ఎక్కువైతే వాటంతటవే దిగిపోయే ఎంసీబీ స్విచ్చులు, ఎర్తింగ్, ఇంటి వైరింగ్ అంతా మనది. సీలు ఉన్న ఏ మూతనీ మీరు గానీ, మీ ఎలక్ట్రీషియన్ గానీ తీయకూడదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో తెచ్చిన మీటర్ల నిబంధనల్లోనే వినియోగదారుడు ఏ పరిస్థితిలోనూ సీలు తెంచకూడదని ఉంది. "మా తమ్ముడు డిప్లొమా చేశాడు" లాంటి మాటలు అక్కడ చెల్లవు.

కొత్త సర్వీసుకి వచ్చి, ఇక్కడ బిగించం అని వెళ్ళిపోయారు

ఎక్కువగా చోటే కారణం. హాల్లో టీవీ వెనక గోడకి బోర్డు కొట్టి ఉంటారు, లేదంటే మెట్ల కింద వంగి దూరాల్సిన మూలలో. ఇంకొందరైతే బాత్రూం గోడ బయట, సంపు మూత పైన, గ్యాస్ బండ పెట్టే అర పక్కన పెడతారు. నీళ్ళు, గ్యాస్, చీకటి, ఈ మూడూ లేని చోటు కావాలి. రీడింగ్ తీసే మనిషి ఇంట్లోకి రాకుండా, స్టూలు ఎక్కకుండా, నిలబడి చదవగలగాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మీటరు నేల నుంచి 1 మీటరు కన్నా కిందికి ఉండకపోవడం మంచిది. రీడింగ్ కనిపించే అద్దం తప్ప మిగతాదంతా మూసి ఉండాలి, లేదా తాళం పడే మూత ఉన్న పెట్టెలో ఉండాలి. నన్నడిగితే డిస్‌ప్లే మన కళ్ళ ఎత్తుకి కాస్త కిందగా వచ్చేట్టు పెట్టించుకోండి, పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ ఇబ్బంది ఉండదు.

ఇక్కడ వాస్తు గొడవ ఒకటి తప్పకుండా వస్తుంది. మీటరు ఆగ్నేయంలోనే ఉండాలంటారు. ఉత్తరం వాకిలి ఇంటికి ఆగ్నేయం అంటే వెనక సందు, అక్కడికి మనిషి పక్కకి తిరిగి నడిచి వెళ్ళాలి, మీటరు అక్కడ పెడితే నెలనెలా రీడింగ్‌తో తలనొప్పి. పట్టింపు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. లోపలి ఎంసీబీ బోర్డు ఆగ్నేయంలో పెట్టుకోండి, మీటరు మాత్రం గేటు పక్క గోడకి ఉండనివ్వండి. మీటరు కిందే ఫేజూ న్యూట్రలూ రెండూ తెగే డబుల్ పోల్ మెయిన్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి లోపలికి సరైన సైజు వైరు లాగితే సరిపోతుంది. దేవుడికీ డిపార్ట్‌మెంటుకీ ఇద్దరికీ కోపం రాదు.

ఒక్కోసారి మీటరును ఆవరణ బయట, పోల్ దగ్గరే పెడతారు. 2006 నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి. అలా పెడితే వాడకం మనకి కనిపించేలా ఇంట్లో ఒక డిస్‌ప్లే ఇవ్వాలి, బిల్లు మాత్రం అసలు మీటరు రీడింగ్ మీదే వేయాలి. బయట ఉన్న మీటరు భద్రత వాళ్ళది, మన ఆవరణలో ఉన్నదాన్ని కాపాడుకునే బాధ్యత మనది. పిల్లల క్రికెట్ బంతికి అద్దం పగిలినా జవాబు చెప్పాల్సింది మనమే అన్నమాట.

బిల్లు మీద డోర్ లాక్ అని పడుతోంది

ఇల్లు కట్టినప్పుడు మీటరు బయటే ఉండుంటుంది. తర్వాత పంచకి గ్రిల్లు పెట్టించారు, బండి లోపల పెట్టుకోవడానికి షట్టర్ దించారు, దాంతో మీటరు గ్రిల్లు లోపలికి పోయింది. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ ఇల్లు పగలంతా తాళమే కదా. రీడింగ్ అబ్బాయి వచ్చి చూసి డోర్ లాక్ అని కొట్టి వెళ్ళిపోతాడు. రీడింగ్ అందక అంచనా మీద బిల్లు వేసి, తర్వాత అసలు రీడింగ్ దొరికినప్పుడు లెక్క సరిచేస్తారు. ఆ నెల బిల్లు చూసి గుండె జారుతుంది.

తాత్కాలికంగా గ్రిల్లులో మీటరుకి ఎదురుగా డిస్‌ప్లే కనిపించేంత కిటికీ కోయించండి, వెల్డింగ్ షాపువాడికి అది చిన్న పని. అసలు పరిష్కారం మీటరు షిఫ్టింగ్. వార్డు లేదా గ్రామ సచివాలయంలో గానీ, మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులో గానీ దరఖాస్తు పెట్టి, అంచనా వేయించి, వాళ్ళు చెప్పిన డబ్బు కట్టి, వాళ్ళ మనుషుల చేతే మార్పించుకోవాలి. "రెండు అడుగులే కదా, ఆదివారం మార్చేస్తా" అనే ఎలక్ట్రీషియన్ మాట వినకండి. తెగిన సీలు చూసిన అధికారికి అది రెండడుగుల షిఫ్టింగో, దొంగ కరెంటో బయటి నుంచి తెలియదు. 2003 విద్యుత్ చట్టంలో దొంగతనానికి 135వ సెక్షన్, మీటరులో చేయి పెట్టినందుకు 138వ సెక్షన్ ఉన్నాయి. రెండోదానికి మూడేళ్ళ దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదంటే రెండూ.

మీటరు మోకాళ్ళ దాకా దిగిపోయింది

మీటరు దిగలేదు, రోడ్డు పైకొచ్చింది. పాత వీధుల్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇళ్ళు పల్లంలో పడ్డాయి, వాకిలి ముందు మట్టి పోసి మనమూ ఎత్తు పెంచాం. ఒకప్పుడు ఛాతీ ఎత్తున ఉన్న బోర్డు ఇప్పుడు కుర్చీ ఎత్తుకి వచ్చింది. 2021 నవంబరు వానలకి తిరుపతిలో వీధులు చెరువులైనప్పుడు ఈ పల్లపు ఇళ్ళ బోర్డులకి నీళ్ళు అందాయంటే ఆశ్చర్యమేముంది.

బోర్డు ఎత్తు పెంచమని షిఫ్టింగ్ దరఖాస్తే పెట్టాలి. సర్వీసు వైరులో పొడుగు మిగిలి ఉంటే పని తేలిక, లేకపోతే మధ్యలో అతుకు వేయకుండా కొత్త వైరు వేయమని గట్టిగా అడగండి. నీళ్ళు పెట్టె దాకా వచ్చాయంటే, తగ్గిపోయాయి కదా అని మెయిన్ వేయొద్దు. పెట్టె లోపల బురద తడి ఇంకా ఉంటుంది. 1912కి ఫోన్ చేసి వాళ్ళు చూశాకే వేయండి. తడి కాళ్ళతో బోర్డు దగ్గరికి అసలు వెళ్ళొద్దు.

వాన పడితే మీటరు ఆగుతోంది, ఎండకి డిస్‌ప్లే నల్లబడుతోంది

మన పక్క గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో తూర్పు నుంచి గాలితో కొడతాయి. కాబట్టి తూర్పు గోడకి పైన సజ్జ లేకుండా పెట్టిన మీటరుకి నీళ్ళ కష్టం, పడమటి గోడకి పెట్టినదానికి మే నెల ఎండ కష్టం.

నీళ్ళు ఎక్కువగా పెట్టె మూత లోంచి రావు, వైరు పట్టుకుని వస్తాయి. ఒకసారి వాన వెలిసినప్పుడు దూరం నుంచే చూడండి. పోల్ నుంచి వచ్చిన వైరు వాలుగా దిగి నేరుగా పైపులోకో, పెట్టె పైరంధ్రంలోకో దూరుతుంటే, చుక్కలు దాని వెంటే జారుతూ లోపలికి పోతుంటాయి. పెట్టె అడుగున తుప్పు రంగు చార కూడా కనిపిస్తుంది. పైపు నోరు ఆకాశం వైపు తెరిచి ఉండకూడదు, పైన గొడుగు కర్రలా వంపు తిప్పి కిందికి చూసేట్టు ఉండాలి. వైరు లోపలికి వెళ్ళే ముందు కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి లేవాలి, అప్పుడు నీళ్ళు ఆ అడుగు వంపు దగ్గరే రాలిపోతాయి. పెట్టెలోకి వైరు కింద నుంచే దూరాలి. ఆ రంధ్రానికి గ్లాండు, అంటే వైరు చుట్టూ సందు మూసే బిరడా బిగించకపోతే చీమలు, బల్లులు కాపురం పెడతాయి. బల్లి రెండు టెర్మినళ్ళ మధ్య పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎండకి నల్లబడిన డిస్‌ప్లే చల్లబడ్డాక సాయంత్రానికి మామూలవుతుంది, ఆ మాత్రానికే మీటరు పాడైనట్టు కాదు. అయితే రీడింగ్ అబ్బాయి వచ్చేది పగలే కాబట్టి రీడింగ్ అందదు. పైన సిమెంటు సజ్జో, వాలు రేకో వేయించండి. పెట్టెకి గాలాడే సందు వదలాలి, గట్టిగా ప్లాస్టిక్ కవరు చుట్టేస్తే వేడికి లోపల ఆవిరి పట్టి ఇంకా పాడవుతుంది.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండేవాళ్ళకి కోతులు అదనం. సర్వీసు వైరు మీద ఊగితే ఆ లాగుడంతా మీటరు టెర్మినల్ మీద పడుతుంది. వైరు బరువంతా జీఐ తీగ మోయాలి, రీళ్ళతో కట్టి గోడకి విడిగా బిగించాలి. అదొక్కటి ఉంటే కోతి ఊగినా మీటరుకి తెలియదు.

బోర్డు దగ్గర బుర్రుమని చప్పుడు, కాలిన వాసన

ఇది వాయిదా వేసే పని కాదు. టెర్మినల్ మూత తెల్లగా ఉండాల్సింది గోధుమరంగుకి తిరిగిందా, గీజర్ వేసినప్పుడే లైట్లు డల్ అవుతున్నాయా చూడండి. సర్వీసు వైరు అల్యూమినియం, ఇంటి వైరు రాగి. ఈ రెండూ ఎక్కడైనా ఉత్తగా మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే ఆ అతుకు వేడెక్కి వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మీటరు టెర్మినల్‌లో ఒక్కో రంధ్రానికి రెండు స్క్రూలు ఉంటాయి. హడావిడిలో ఒకటే బిగిస్తే వచ్చే తంటా కూడా ఇదే.

రెండో కారణం లోడు. చాలా ఇళ్ళల్లో ఉండేది 5-30 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ మీటరు, అది మీ మీటరు ముఖం మీదే రాసి ఉంటుంది. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, ఏసీ ఇంకో 7, 8, బోరు మోటరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ కలిస్తే పొద్దున ఏడు గంటలకి 30 దాటడం పెద్ద విషయం కాదు. ఇంటికి లోడు మాత్రం ఎప్పుడో ఫ్యాన్లూ లైట్లూ ఉన్నప్పుడు రాయించిందే ఉంటుంది. అదనపు లోడుకి దరఖాస్తు పెట్టి డబ్బు కట్టండి, అవసరమైతే త్రీ ఫేజ్‌కి మారండి. అన్నీ ఒకేసారి వేయకుండా ఉండగలిగితే అసలు ఖర్చే లేదు గానీ, ఉమ్మడి కుటుంబంలో ఆ మాట ఎవరు వింటారు.

త్రీ ఫేజ్ ఇళ్ళకి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. ఒక గదిలో లైట్లు ధగధగ వెలుగుతూ, పక్క గదిలో గుడ్డిగా ఉంటే న్యూట్రల్ వదులైందని అర్థం. టీవీ, ఫ్రిజ్ పోయే ముందే మెయిన్ దించేసి 1912కి చెప్పండి.

మీటరు మీద ఎర్త్ లైటు వెలుగుతోంది

దీనికి జనం భయపడేది ఒకటి, అసలు సంగతి ఇంకొకటి. ఇప్పటి సింగిల్ ఫేజ్ మీటర్లు ఫేజులో పోయే కరెంటునీ, న్యూట్రల్లో తిరిగొచ్చేదాన్నీ రెండిటినీ కొలుస్తాయి. రెండూ సమానంగా లేకపోతే ఎర్త్ లేదా ఈఎల్ అని రాసి ఉన్న లైటు వెలుగుతుంది, ఎక్కువగా ఉన్నదాని మీద యూనిట్లు లెక్కేస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే కింది చిక్కులన్నీ వాటంతటవే విడిపోతాయి.

మొదటి కారణం నిజమైన లీకేజీ. పాత మోటరు వైండింగ్, గీజర్ కాయిల్, తడి గోడలో దెబ్బతిన్న వైరు. పావు ఆంపియరు లీకైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 57 వాట్లు, రాత్రింబవళ్ళు పోతే నెలకి 41 యూనిట్లు. 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్ 6 రూపాయల లెక్కన చూస్తే ఊరికే భూమిలోకి పోసేది 246 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ లీకేజీ ఏదో ఒకరోజు తడి చేత్తో గీజర్ పట్టుకున్నవాళ్ళ ఒంట్లోంచి పోతుంది. ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ పోండి. ఏది దించినప్పుడు ఎర్త్ లైటు ఆరిందో తప్పు ఆ లైన్లో ఉంది. ఆ సామాను ప్లగ్గు పీకి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇంటికి లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లు అయితేనే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ లేకపోతే ఈ వారమే పెట్టించండి. అది ఉన్న ఇంట్లో పావు ఆంపియరు లీకేజీ నిలబడదు, వెంటనే ట్రిప్ అవుతుంది. ట్రిప్ అవుతోందని విసుగొచ్చి దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపించుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి, వాళ్ళకి చెప్పేదేముంది.

రెండో కారణం మన ఊళ్ళో మరీ ఎక్కువ. కింద ఓనరు, పైన మిద్దెలో బాడుగకున్నోళ్ళు, ఇద్దరికీ వేరు వేరు మీటర్లు. కానీ వైరింగ్ చేసినప్పుడు న్యూట్రల్ రెండు పోర్షన్లకీ ఎక్కడో ఒక జంక్షన్ పెట్టెలో కలిపేశారు. మెట్ల లైటుకి రెండు వైపులా స్విచ్చులు పెట్టినప్పుడో, ఒకే ఇన్వర్టరు రెండు పోర్షన్లకీ ఇచ్చినప్పుడో ఇది జరుగుతుంది. పైవాళ్ళు గీజర్ వేస్తే ఫేజు వాళ్ళ మీటరు నుంచి పోయి, తిరిగొచ్చేటప్పుడు కరెంటు రెండు న్యూట్రళ్ళలోనూ పంచుకుని వస్తుంది. కింది మీటరుకి ఫేజులో ఏమీ లేదు, న్యూట్రల్లో మాత్రం కరెంటు కనిపిస్తోంది, ఎక్కువున్నదాని మీద కదా లెక్క, కాబట్టి ఓనరుకీ యూనిట్లు పడతాయి. పైవాళ్ళ ఫేజులో మొత్తం పోయింది కాబట్టి వాళ్ళకి పూర్తి బిల్లు. ఒకే గీజరుకి రెండు బిల్లులు. "వీళ్ళేదో మా లైన్లో వేసుకున్నారు" అని ఓనరు, "మా మీటరు ఫాస్టు" అని బాడుగవాళ్ళు. రెండు నెలలకి ఇల్లు ఖాళీ.

పట్టుకోవడం సులువు. కింది పోర్షన్లో ఫేజు మాత్రమే తెంచే సింగిల్ పోల్ ఎంసీబీలన్నీ దించండి, డబుల్ పోల్ మెయిన్ మాత్రం అలాగే ఉంచండి. ఇన్వర్టరు ఉంటే ఆపేయండి. పైవాళ్ళని గీజర్ వేయమనండి. కింది మీటరులో యూనిట్లు లెక్కేసే ఎర్ర లైటు టిక్కుటిక్కుమని కొడుతుంటే న్యూట్రళ్ళు కలిసినట్టే. ఇప్పుడు కింది డబుల్ పోల్ మెయిన్ కూడా దించితే ఆ లైటు ఆగిపోవాలి. ఎలక్ట్రీషియన్ చేత జంక్షన్లు వెతికించి న్యూట్రళ్ళు విడదీయించడమే పరిష్కారం, మీటరుతో పని లేదు, డిపార్ట్‌మెంటు దగ్గరికి వెళ్ళే పనీ లేదు. త్వరగా చేయించండి, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్ళకి వెలుగుతున్న ఎర్త్ లైటు అనుమానమే కలిగిస్తుంది.

మూడోది, న్యూట్రల్ తెగితే ఎర్త్ వైరునే న్యూట్రల్‌గా వాడి "ఇప్పటికి లైట్లు వచ్చాయి కదా సార్" అని వెళ్ళిపోయే పనితనం. ప్రాణం మీదికి తెచ్చే పని అది. మన నేలలు చాలా చోట్ల రాతి నేలలు, ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోతే ఆ ఎర్త్ వైరుకి తగిలిన ఫ్రిజ్ బాడీ, మోటరు బాడీ అన్నీ షాకు కొడతాయి. అలా కలిపి ఉంటే వెంటనే తీయించండి, ఎర్త్ గుంతకి వేసవిలో నీళ్ళు పోస్తుండండి.

ఆర్ఈవీ (రివర్స్, అంటే కరెంటు తిరగబడింది) అని రాసి ఉన్న లైటు వెలిగితే మాత్రం టెర్మినల్ దగ్గర వైర్లు తారుమారై ఉండొచ్చు. అది సీలు కింది పని, ఏఈ ఆఫీసులో రాసివ్వండి.

నిజంగానే మీటరు ఫాస్టుగా ఉందేమో

పైవన్నీ చూశాక కూడా అనుమానం పోకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మీటరు ముఖం మీద యూనిట్‌కి 3200 ఇంపల్స్ అనో, 1600 అనో ఉంటుంది, ఇంపల్స్ అంటే ఎర్ర లైటు ఒకసారి మినుక్కుమనడం. అన్ని ఎంసీబీలూ దించితే ఎర్ర లైటు అసలు కొట్టకూడదు. తర్వాత ఒక్క 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్ మాత్రం వేయండి. బకెట్లో ముంచాకే స్విచ్ వేయాలి, ఆపేదాకా నీళ్ళలో చేయి పెట్టొద్దు. 3200 మీటరైతే నిమిషానికి 53 దగ్గర కొట్టాలి, 1600 అయితే అందులో సగం. వోల్టేజీ తక్కువుంటే ఇంకాస్త తగ్గుతుంది. 53 బదులు 70 కొడుతుంటే మీ మాటలో పస ఉన్నట్టు. ఫోన్లో వీడియో తీసి పెట్టుకుని, మీటరు టెస్టింగ్‌కి దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి.

సెక్షన్ ఆఫీసులో తేలకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళొచ్చు, అది చట్టంలో 42వ సెక్షన్ ప్రకారం ఉన్నదే. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. దరఖాస్తుతో పాటు సర్వీసు నంబరు, పాత బిల్లులు, ముందు పెట్టిన ఫిర్యాదు రసీదు, సీళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నట్టు తీసిన బోర్డు ఫొటో జత చేయండి.